అప్‌డేట్: నొక్కితే ముందే విరిగిన గ్లాస్ ఫైబర్ పట్టీల సంగతి తేలింది

పోయిన నెల అనంతపురం నుంచి అడిగింది నేనే. మా బి.టెక్ ప్రాజెక్టు కోసం చేత్తో పరిచి, వాక్యూమ్ బ్యాగ్ (గాలి తీసేసి పొరలను అదిమే సంచి) పెట్టి చేసిన గ్లాస్ ఫైబర్-ఎపాక్సీ పట్టీలు (గాజు పోగుల బట్టను ఎపాక్సీ అనే రెజిన్‌తో, అంటే గట్టిపడే జిగురుతో, అతికించినవి) లాగితే బాగానే తట్టుకుంటున్నాయి, నొక్కితే మాత్రం లెక్కలో వచ్చినదాంట్లో నాలుగో వంతుకే ఠప్పుమంటున్నాయి, ఎందుకని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

‘పోగులు తిన్నగా ఉన్నాయో లేదో చూడు’ అని ఇక్కడ ఒక అన్న చెప్పిందే నిజమైంది. ల్యాబ్ సార్ విరిగిన పట్టీని పొడవునా కోయించి, పాలిష్ చేయించి మైక్రోస్కోప్ కింద పెట్టారు. ఏటవాలుగా ఒక సన్నని చార. అందులో పోగులన్నీ ఒకే వైపుకి మడత పడి, చార రెండు అంచుల దగ్గరా తెగి ఉన్నాయి. కింక్ బ్యాండ్ అంటే ఇదేనట. విరగని చోట కూడా పోగులు ఆరు డిగ్రీల దాకా వాలి ఉన్నాయి. బట్ట పరిచేటప్పుడు రోలర్ గట్టిగా రుద్ది పోగుల్ని కదిలించింది నేనే, ఇంకెవర్ని అనేది!

ఎంత ఒత్తిడికి నొక్కితే విరుగుతుందో లెక్కకట్టడానికి నేను మొదట వాడింది రోజెన్ అనే ఆయన 1965 సూత్రం. అందులో పోగులు తిన్నగా ఉన్నట్టే లెక్క. రెజిన్ షియర్ మాడ్యులస్ (పొరలు పక్కకి జారకుండా చూపే బిగువు) 1.2 గిగాపాస్కల్, ఘనపరిమాణంలో పోగులు సగం అనుకుంటే 2400 మెగాపాస్కల్ వచ్చింది. ఆర్గన్ 1972 పద్ధతిలో రెజిన్ షియర్‌లో లొంగిపోయే ఒత్తిడిని వాలు కోణంతో, రేడియన్లలో, భాగించాలి. ఆ ఒత్తిడి 60 మెగాపాస్కల్, ఆరు డిగ్రీలంటే దాదాపు 0.1 రేడియన్. 60ని 0.1తో భాగిస్తే 600 మెగాపాస్కల్. మా మెషిన్ చూపించిందీ దాదాపు అంతే.

హార్డ్‌నర్ (రెజిన్‌ని గట్టిపరిచే ద్రవం) పాతదేమోనని కొత్త డబ్బా కొన్నా, డబ్బు దండగ. పట్టీ మొత్తంగా వంగిపోతోందన్న అనుమానమూ తప్పే, రెండు వైపులా అతికించిన స్ట్రెయిన్ గేజ్‌లు (సాగుడు, కుదింపు కొలిచేవి) ఒకే రీడింగ్ ఇచ్చాయి, వంగి ఉంటే వేర్వేరుగా చూపించేవి.

ఈసారి బట్టను బిగించి పట్టుకుని, రోలర్ మెల్లగా, పోగుల దారిలోనే నడిపాం. 800 మెగాపాస్కల్ దాకా వచ్చింది.