టెన్నిస్‌లో ఫెరర్‌కి గ్రాండ్‌స్లామ్ రాకపోవడం దురదృష్టమా, లేక అతని ఆటే అంతేనా?

బేస్‌లైన్_బాబాయ్:
రాత్రి నిద్ర పట్టక 2013 మయామీ ఫైనల్ మళ్లీ చూశా, స్పెయిన్ డేవిడ్ ఫెరర్, బ్రిటన్ ఆండీ ముర్రే ఆడింది. మూడో సెట్ 6-5, ఫెరర్‌కి మ్యాచ్ పాయింట్. ర్యాలీ మధ్యలో ముర్రే కొట్టిన బంతి బేస్‌లైన్ దగ్గర పడింది, ఫెరర్ అది బయట పడిందనుకుని ఆట ఆపేసి చాలెంజ్ అడిగాడు. బంతి ఎక్కడ పడిందో కెమెరాలతో చూపించే హాక్‌ఐలో చూస్తే వెంట్రుకవాసి గీతకి తగిలింది, అంటే లోపలే. పాయింట్ పోయింది, టైబ్రేక్ 7-1తో పోయింది, కప్పు పోయింది. 27 టైటిళ్లు, 3వ ర్యాంకు దాకా వెళ్లినోడికి ఏడాదికి నాలుగు జరిగే పెద్ద టోర్నీల్లో, అదే గ్రాండ్‌స్లామ్‌లలో, ఒక్కటీ లేదు. పదేళ్లు అటో ఇటో పుట్టుంటే రెండు కొట్టేవాడు, కాదంటారా?

నెట్‌కార్డ్_నాని:
మయామీ స్లామ్ కాదు కదా బాబాయ్ :)

సెకండ్‌సర్వ్_శీను:
ఈ "పదేళ్లు అటో ఇటో" మాట ప్రతి ఓడినోడికీ చెప్తారండీ. ఫెదరర్‌తో 17 సార్లు ఆడి 17 సార్లూ ఓడాడు. పోనీ ఫెదరర్‌ని పక్కన పెట్టండి. వావ్రింకాది అదే కాలం కదా, ఫెదరర్, నడాల్, జొకోవిచ్, ముర్రే ఆ నలుగురే ఉన్నారు కదా, 2014, 2015, 2016లో మూడు స్లామ్‌లు ఎలా కొట్టాడు? బంతిని చీల్చేసే బ్యాక్‌హ్యాండ్ ఉంది కాబట్టి. ఫెరర్‌కి అలాంటి షాట్ ఒక్కటి చెప్పండి. 2013 ఫ్రెంచ్ ఓపెన్‌లో ఒక్క సెట్ ఇవ్వకుండా ఫైనల్‌కి వచ్చాడు, తీరా నడాల్ 6-3, 6-2, 6-3తో ఇంటికి పంపాడు. పరిగెత్తి పరిగెత్తి బంతి వెనక్కి వేస్తే క్వార్టర్స్, సెమీస్ దాకా వస్తారు, అంతే. కష్టజీవి, అది ఒప్పుకుంటా.

క్లేకోర్టు_పిల్ల:
ఆ ఫైనల్ అయ్యాక ర్యాంకులు చూశారా, ఓడిన ఫెరర్ 4, గెలిచిన నడాల్ 5. అప్పట్లో నవ్వాగలేదు నాకు.

బేస్‌లైన్_బాబాయ్:
శీనూ, అదే నడాల్‌ని 2014లో మాంటెకార్లోలో మట్టి కోర్టు మీదే 7-6, 6-4తో ఓడించాడు. 2011 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడు వరస సెట్లలో. ఊరికే పరిగెడితే అయ్యే పనా అది? సర్వీస్ రిటర్న్‌లో బంతిని లేస్తుండగానే పట్టుకుంటాడు చూడు, అది ఎక్కడ నేర్పుతారు? 2012 నుంచి 2014 దాకా వరసగా పది స్లామ్‌లలో క్వార్టర్స్ ఆడాడు. ఎత్తు చూస్తే 5 అడుగుల 9 అంగుళాలు. ఆ చాలెంజ్ ఒక్కటి అడక్కుండా బంతి వెనక్కి వేసుంటే ఇవాళ నువ్వు ఇలా మాట్లాడేవాడివి కాదు.

సెకండ్‌సర్వ్_శీను:
2011లో నడాల్‌కి తొడ పట్టేసింది, అది చెప్పరే. మళ్లీ చాలెంజ్ దగ్గరికే వస్తున్నారు. నేను స్లామ్ గురించి అడిగితే మీరు మయామీ అంటారు.

హాఫ్‌వాలీ:
కుర్రాడిగా ఉన్నప్పుడు ప్రాక్టీస్ ఎగ్గొడితే కోచ్ పీలెస్ బంతులు పెట్టే గదిలో పడేసి తాళం వేసేవాడట. విసుగొచ్చి టెన్నిస్ మానేసి ఇళ్లు కట్టే పనికి పోయాడు, వారానికే వెనక్కి వచ్చేశాడు. అందుకే నాకిష్టం.

సెకండ్‌సర్వ్_శీను:
చూశారా, అభిమానులు కూడా చెప్పేది కష్టం కథే. షాట్ గురించి ఒక్కరూ చెప్పరు.

బేస్‌లైన్_బాబాయ్:
ఆ కష్టజీవి అనే మాట ఆపుతావా ముందు. మా అమ్మాయికి పదమూడేళ్లప్పుడు సెలక్షన్‌లో ఒకాయన నా ఎదురుగానే అన్నాడు, "పాప బాగా కష్టపడుతుందండీ, కానీ పొట్టి" అని. తను ఆ రోజు ఇద్దరు పొడుగు పిల్లల్ని డ్రాప్‌షాట్లతో ముందుకీ వెనక్కీ ఆడించింది, అది ఆయన కంటికి ఆనలేదు, చెమట మాత్రం ఆనింది. పొట్టోడు తెలివిగా ఆడితే కష్టం అంటారు, పొడుగోడు అదే ఆడితే టాలెంట్ అంటారు. ఫెరర్‌ని కష్టజీవి అని మెచ్చుకున్న ప్రతివాడూ అతని చేతిలో ఆట లేదనే చెప్తున్నాడు, నువ్వు కూడా.

నెట్‌కార్డ్_నాని:
అమ్మో. వేడెక్కింది.

సెకండ్‌సర్వ్_శీను:
మీకు ఒకడు పొట్టి అన్నాడు, పోనీ నిజమో అబద్ధమో ఏదో ఒకటి చెప్పాడు. నాకు ఎనిమిదేళ్లు ఎవ్వరూ ఏమీ చెప్పలేదండీ. నాదీ ఇదే ఎత్తు. అకాడమీలో గోడ మీద ఫెరర్ ఫొటో అంటించి, "వీడు చేశాడు, నువ్వూ చేస్తావ్, కష్టపడు చాలు" అనేవాళ్లు. నెలనెలా ఫీజు మాత్రం కరెక్టుగా తీసుకున్నారు. మా నాన్న ఊళ్లో ఉన్న స్థలం అమ్మేశాడు దానికోసం. ఇంటర్ రెండుసార్లు రాశా. నా సెకండ్ సర్వ్ చూసి మొదటి ఏడాదే "బాబూ ఇది నీకు కాదు" అని ఒక్కడు చెప్పినా బాగుండేది. మీరేమో ఫెరర్‌ని మెచ్చుకోవడం లేదంటారు, నేనేమో ఆ ఫొటో చింపాలని ఇప్పటికీ అనుకుంటా.

క్లేకోర్టు_పిల్ల:
అయితే మీరిద్దరూ ఒకటే అంటున్నారు కదా? కష్టం ఒక్కదాని వల్లే అక్కడిదాకా వెళ్లలేదనే కదా.

సెకండ్‌సర్వ్_శీను:
కాదు. ఆయన స్లామ్ కొట్టాల్సినోడు అంటున్నాడు. నేను కాదంటున్నా.

బేస్‌లైన్_బాబాయ్:
ఫెరర్‌కి ఆట ఉందని ఇప్పుడు ఒప్పుకున్నావ్‌గా, అది చాలు. స్థలం సంగతి విని బాధేసింది శీనూ. ఆ మాట మీ నాన్నగారు ఎప్పుడైనా ఎత్తారా?

సెకండ్‌సర్వ్_శీను:
ఎత్తరు. అదే ఎక్కువ.

కొత్త_మెంబర్22:
ఇంతకీ ఆ మయామీ మ్యాచ్ ఫుల్ వీడియో ఎక్కడ దొరుకుతుందండీ?