ద్రవాభిసరణాన్ని ‘ఊట’తో చెప్పొచ్చా?

కనిగిరి చుట్టుపక్కల ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్ల గురించి చెప్పే పని నాది. లీటరు నీళ్లలో అది 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, దాటితే ముందు పళ్లు గారపడతాయి, ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలూ కీళ్లూ బిగుసుకుపోతాయి. ఇంతవరకు అందరికీ అర్థమవుతుంది. పోయిన నెల ఒక పెద్దమ్మ, "కాచి చల్లార్చి తాగుతున్నాం గదయ్యా, ఇంకా ఆ ప్లాంటు నీళ్లెందుకు?" అంది. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుందని చెప్పాను. "మరి ఆ మిషన్ ఎట్టా తీసుద్ది?" అంది. "వ్యతిరేక ద్రవాభిసరణం" అనేశాను, అదే మనం ఆర్‌వో అనేది. మర్యాదకి తలూపింది. నాకు చాలా బాధేసింది.

ఆ మాటలో తప్పేమీ లేదు. అభిసరణమంటే ఒకదాని వైపుకు వెళ్లడం. అభిసారికలో ఉన్నదీ అదే. పల్చని వైపు నుంచి చిక్కని వైపుకు నీరు పొర దాటి పోవడానికి ఇంతకంటే అందమైన పేరు నాకు తెలియదు. కానీ ఆ అందం చదువుకున్నవాళ్లకే తెలుస్తుంది.

మళ్లీ వెళ్లినప్పుడు మాగాయ సంగతి ఎత్తాను. "ముక్కలకి ఉప్పేసి జాడీలో పెడితే మూడోరోజుకి అంత ఊట ఎక్కడిది పెద్దమ్మా?"

"ముక్కలోదే. ఉప్పు లాగుద్ది."

మిషన్‌లో ఉప్పునీళ్ల వైపు నుంచి మోటారుతో గట్టిగా ఒత్తుతారని, నీరు పొర దాటి వస్తుందని, ఉప్పూ ఫ్లోరైడూ చాలావరకు అవతలే ఆగిపోతాయని చెప్పాను.

"అయితే ఊటని మళ్లా ముక్కలోకి నెట్టడమేగా!" అంది.

ఇంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు. మరి ఆర్‌వోని ‘తిరుగూట’ అనొచ్చా?

పొదలకూరు నుంచి ఒక సభ్యుడు: అన్నా, ఉపమానం బాగుంది, పేరుగా మాత్రం వద్దు. నిమ్మకాయ ఉప్పులో ఊరిందంటే రసం బయటికి రావడమే కాదు, ఉప్పు లోపలికి పట్టడం కూడా. బావిలోనూ నీళ్లు ఊరతాయి, అక్కడ పొర ఏదీ?

నా జవాబు: నిజమే తమ్ముడూ, ఒప్పుకుంటున్నా. పేరు ద్రవాభిసరణమే ఉండనీ, దానికి ముందు మాగాయ చెబుదాం. పొర అన్న మాటని మాత్రం వదలకూడదు. అది పాడైతే మిషన్ తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు తేటగానే కనిపిస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం బిందెలోకి వచ్చేస్తుంది. "పొర ఎప్పుడు మార్చారు?" అని ప్లాంటు దగ్గర ఆడవాళ్లు అడగగలగాలి. ఉల్లిపొర, గుడ్డుపొర అంటాం కదా, మీ వైపు దీనికి ఇంకో మాట ఉంటే చెప్పండి.