వీసాపై వచ్చిన విద్యార్థికి లేకెన్ రైలీ చట్టం వర్తిస్తుందా?

మా తమ్ముడు ఎఫ్-1 వీసాపై అమెరికా వచ్చాడు. మార్చిలో ఒక దుకాణంలోని సెల్ఫ్ చెకౌట్ దగ్గర రెండు వస్తువులు స్కాన్ కాలేదని దొంగతనం కేసు పెట్టి అరెస్టు చేశారు. జూన్‌లో కోర్టు కేసు కొట్టివేసింది కానీ ఈలోగా అతని సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ డేటాబేస్‌లోని నమోదు) రద్దయింది.

2025 జనవరి 29న సంతకమైన లేకెన్ రైలీ చట్టం ప్రకారం నేరం రుజువు కాకున్నా, దొంగతనం ఆరోపణపై అరెస్టయినంత మాత్రాన బాండు (పూచీకత్తుపై విడుదల) అవకాశం లేకుండా నిర్బంధించాలి. ఇది నాకు ఘోరమైన అన్యాయంగా తోస్తోంది. అయితే తనిఖీ లేకుండా ప్రవేశించినవారు, మోసంతోనో సరైన పత్రాలు లేకుండానో వచ్చినవారే దీని పరిధిలోకి వస్తారని చట్టంలో చదివాను. యూనివర్సిటీ కార్యాలయం లాయరును అడగమంది. ఇద్దరు లాయర్లు పరస్పర విరుద్ధంగా చెప్పారు.

వీసాపై సక్రమంగా ప్రవేశించి, ఆ తర్వాత స్టేటస్ (చట్టబద్ధంగా ఉండే హోదా) కోల్పోయిన వ్యక్తికి ఇలాంటి అరెస్టు ఉన్నప్పటికీ ఇమిగ్రేషన్ జడ్జి బాండు విచారణ జరిపిన సందర్భం మీలో ఎవరికైనా తెలుసా?