అప్‌డేట్: ఏప్రిల్ కరెంటు బిల్లు సరిచేశారు

2022 ఏప్రిల్ 1 నుంచి చార్జీలు పెరిగాయి కదా, మా విజయవాడ ఇంటికి రీడింగ్ ఆలస్యంగా తీశారు, మార్చిలో వాడిన కరెంటుకూ కొత్త రేటేనా అని అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.

మార్చి 31 రాత్రి మీటర్ ఫోటో తీసి ఉంచడం ఎంత మేలైందో! కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు అది చూసి, పాత రేటు యూనిట్లు, కొత్త రేటు యూనిట్లు విడదీసి బిల్లు మార్పించారు.

ఇంకో సంగతి కూడా అప్పుడే అర్థమైంది. 2022లో వచ్చిన కొత్త స్లాబుల్లో (అంటే వాడిన యూనిట్లను బట్టి రేటు మారే అంచెల్లో) 126 నుంచి 225 దాకా యూనిట్‌కు 6 రూపాయలు ఉండేది. 225 దాటితే 400 దాకా ఏకంగా 8.75! రీడింగ్ ఆలస్యమైతే ఎక్కువ రోజుల వాడకం ఒకే బిల్లులో చేరి, కొన్ని యూనిట్లు ఆ పై స్లాబులో పడిపోవచ్చు. అద్దెకుండేవాళ్లకు ఇది ఎవరూ చెప్పరు, నాకు అదే బాధ. బిల్లు మీద రెండు రీడింగ్ తేదీలూ తప్పకుండా చూసుకోండి.