35 డిగ్రీలకే, అదీ నీడలో ఉండగా, వడదెబ్బ తగుల్తాదా?

గాజువాక_గుంటడు:
మా నాన్నకి 56 ఏళ్ళు, ముఠా కళాసీ. విశాఖలో గాజువాక అవతల ఒక గొడౌన్‌లో లారీల నుంచి బియ్యం బస్తాలు దింపుతారు, నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అదే పని. మధ్యలో మా ఊళ్ళో అమ్మోరి పండగ, చెల్లి సంబంధం గొడవ, అన్నీ కలిపి మూడు వారాలు పనికెళ్ళలేదు. సోమవారం మళ్ళీ ఎక్కేరు. మంగళవారం మధ్యాహ్నం రెండు దాటాక ఆయనతో పనిచేసే బాబాయి ఫోన్ చేసి మీ నాన్న ఏటో తేడాగా మాట్లాడుతున్నాడు వేగం రా అన్నాడు. వెళ్ళేసరికి గొడౌన్‌లోనే బస్తాల మీద కూలబడి ఉన్నారు, చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది, పిక్కలు పట్టేసి కాళ్ళు చాపలేకపోతున్నారు, నన్ను చూసి మా చిన్నాన్న పేరుతో పిలిచేరు. ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెట్టేం. డాక్టరు గారు వడదెబ్బ అన్నారు, సెలైన్లు ఎక్కించేరు, రెండు రోజులుంచి పంపించేసేరు. ఇప్పుడు పర్లేదు.

నాకు అర్థం కానిదేంటంటే ఆ రోజు ఫోన్లో 35 చూపించింది. 35 అంటే మనకి మామూలే కదా. పైగా ఆయన ఎండలో కూడా లేరు, రేకుల షెడ్డు కిందే ఉన్నారు. నీళ్ళు కూడా బాగా తాగేరంట, రెండు పెద్ద బాటిళ్ళు. మరి వడదెబ్బ ఎలా తగిలింది? మళ్ళీ పనికెళ్తానని ఇప్పట్నుంచే గోల చేస్తన్నారు, పంపొచ్చా?

బెజవాడ_బుల్లోడు:
35కే పడిపోతే ఎలా గురూ, మా దగ్గర 43లో బండి మీద తిరుగుతున్నాం 😀 బీచ్ పక్కన ఉండి మీకేం తక్కువ. జోక్‌లెండి, నాన్నగారు జాగ్రత్త.

పీహెచ్‌సీ_అక్క:
తమ్ముడూ, నేను స్టాఫ్ నర్సుని, ఎండాకాలం ఇలాంటి కేసులు మాకు వస్తానే ఉంటాయి. నవ్వేవాళ్ళని నవ్వనీ. నువ్వు రాసినదాంట్లో నాకు భయమేసింది ఒక్క ముక్కకే, కొడుకుని పట్టుకుని తమ్ముడి పేరుతో పిలవడం. చెమటలు, నీరసం, వాంతి వచ్చినట్టుండడం, పిక్కలు పట్టడం, ఇంతవరకూ అయితే ఒంట్లో నీళ్ళూ ఉప్పూ తగ్గిపోయేయని అనుకోవచ్చు, నీడలో పడుకోబెట్టి ఉప్పు కలిపినవి ఏవైనా తాగిస్తే చాలామంది తేరుకుంటారు. మాట తడబడ్డా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా అది వేరే లెక్క. లోపల ఒంటి వేడి 40 దాటి మెదడు మీదకి వచ్చిందని అర్థం. అప్పుడు ప్రతి నిమిషమూ లెక్కే. చెమట పట్టకుండా ఒళ్ళు పొడిగా ఉంటేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు, అది తప్పు, బరువులు మోసేవాళ్ళకి చెమటలు కారుతుండగానే వస్తాది.

ఇంకోసారి ఎవరికైనా ఇలా అయితే ముందు ఒళ్ళు చల్లార్చండి. 108కి ఫోన్ కొట్టండి, అది వచ్చేలోగా చొక్కా తీసేసి ఒళ్ళంతా నీళ్ళు పోసి అట్టముక్కో తువ్వాలో పట్టుకుని గట్టిగా విసరండి, ఐస్ దొరికితే గుడ్డలో చుట్టి మెడకి, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. ఆటోలో అరగంట అలా వేడిగానే తీసుకొస్తే ఆ అరగంటలోనే కిడ్నీలూ లివరూ దెబ్బతినొచ్చు. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిట్మాల్ వేసేస్తారు కొందరు, ఇది జ్వరం కాదు, దానికి ఈ వేడి తగ్గదు.

ఇంకొకటి, ఆయన బీపీ మాత్ర వాడతారా? కొన్నిట్లో ఒంట్లో నీరు లాగేసే మందు కలిసి ఉంటాది. సొంతంగా ఆపెయ్యకండి, కానీ బరువు పని చేస్తారని డాక్టరుకి చెప్పి అడగండి. నీళ్ళు బాగా తాగేరన్నావు, ఉత్త నీళ్ళే కదా? చెమటతో ఉప్పు పోతాంటే ఉత్త నీళ్ళు పోసుకుంటూ పోతే పిక్కలు పట్టేస్తాయి మరి. ఉప్పేసిన మజ్జిగ, గంజి, చోడి (రాగి) అంబలి, ఇవన్నీ మన పెద్దోళ్ళు ఊరికే తాగలేదు. ఏవీ లేకపోతే లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో.

సైన్స్_మేష్టారు:
రిటైరైన ఫిజిక్స్ మాస్టార్ని, కాస్త పొడుగవుతుంది భరించండి. బుల్లోడు గారి ప్రశ్నతోనే మొదలెడతా, అసలు విషయం అందులోనే ఉంది. చెమట పట్టినందువల్ల ఒళ్ళు చల్లబడదు, ఆ చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరిపోతే దాదాపు 580 కిలో కేలరీల వేడిని పట్టుకుపోతుంది. అదే చెమట బొట్లుబొట్లుగా నేల మీద పడిందనుకోండి, ఒక్క కేలరీ కూడా పోదు, ఉప్పూ నీళ్ళూ మాత్రం పోతాయి. చొక్కా పిండితే కారేలా ఉందని రాసేరు చూశారా, ఆ నీళ్ళన్నీ దండగే.

గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు. దీన్ని కొలవడానికి పాత పద్ధతి ఒకటుంది, థర్మామీటర్ బుడ్డికి తడి నూలుగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే ఎంతకి దిగుతుందో చూడడం, స్కూల్లో తడి బల్బు అని చెప్పేవాళ్ళం. అది ఎంత కిందకి దిగితే చెమట ఒంటిని అంత బాగా చల్లార్చగలదన్నమాట. లెక్క చూడండి. విజయవాడలో 42, తేమ 20 శాతం ఉంటే తడి బల్బు 24 దగ్గర ఆగుతుంది. విశాఖలో 35, తేమ 70 శాతం ఉంటే 30 చూపిస్తుంది. అంటే చెమట పట్టే మనిషి లెక్కలో మన 35 వాళ్ళ 42 కంటే గడ్డు. (42లో ఎండన పడి తిరగమని కాదు బాబూ, అక్కడా ప్రాణాలు పోతాయి. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు.) తడి బల్బు 35కి చేరితే ఎంత ఆరోగ్యవంతుడైనా కొన్ని గంటలకి మించి తట్టుకోలేడని లెక్కలు కట్టారు. తరవాత అమెరికాలో కుర్రాళ్ళని గదిలో పెట్టి తేలిక పనులు చేయించి చూస్తే 31 దగ్గరే ఒంటి వేడి ఆగకుండా పెరిగిపోయింది. వాళ్ళు కుర్రాళ్ళు, తేలిక పని. మీ నాన్నగారికి 56, భుజం మీద బస్తా.

ఇక ఫోన్లో 35 సంగతి. వాతావరణ శాఖ వాళ్ళు కొలిచేది నాలుగడుగుల ఎత్తున తెల్ల చెక్కపెట్టెలో, గాలాడే ఖాళీ జాగాలో. వాల్తేరులో ఒకటి, ఎయిర్‌పోర్టులో ఒకటి ఉన్నాయి, పేపర్లో చూడండి, రెంటికీ తేడా ఉంటుంది, సముద్రానికి దూరమైన ఎయిర్‌పోర్టే వేసవిలో ఎక్కువ చూపిస్తుంది. మీ గొడౌన్ ఆ రెంటిలో దేనికీ చుట్టం కాదు. రేకు ఎండకి కాలి కిందకి వేడి కక్కుతుంది, తలుపు ఒక్కటే, లోపల పది మంది చెమటలు. నీడ అంటే చల్లదనం కాదు.

ఇంకో చిక్కుంది. తీర ప్రాంతంలో వడగాలి అని ప్రకటించాలంటే కనీసం 37 ఉండాలి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుండాలి. 35 అంటే ఆ లెక్కలోకే రాదు. మహా అయితే "ఉక్కపోత వాతావరణం" అని ఒక ముక్క చెప్తారు, దాన్నెవరు పట్టించుకుంటారు?

గాలి సంగతి కూడా చెప్పి ఆపేస్తా. మనకి రోజూ కాపాడేది సముద్రపు గాలి, పదీ పదకొండుకి లేస్తుంది. పడమటి గాలి గట్టిగా వీచిన రోజు అది లోపలికి రాలేదు, ఆ రోజే నలభై దాటేది. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో ఊరు గిన్నెలో కూర్చున్నట్టు ఉంటుంది. ఆ గిన్నె నిండా ఇప్పుడు కాంక్రీటు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను చెట్లన్నీ పీకేసింది, తిరిగి నాటినవాటిలో బతికినవి బతికాయి, కానీ పాత మర్రి నీడ పదేళ్ళ మొక్క ఇస్తుందా?

సీతమ్మధార_పైవాటా:
మాష్టారూ దండాలు. మా ఆయన నాగపూర్లో పనిచేసి వచ్చేటప్పుడు పెద్ద కూలర్ మోసుకొచ్చేరు, అక్కడ చలికి దుప్పటి కప్పుకునేవాళ్ళం అని ఒకటే గొప్పలు. ఇక్కడ తలుపులేసి పెట్టేసరికి గంటలో గది అంతా ఆవిరికుడుం గిన్నె అయిపోయింది, దిండు కూడా చెమ్మ. ఇప్పుడు దాంట్లో పాత పేపర్లు పెట్టుకుంటున్నా. ఎందుకో ఇవాళ అర్థమైంది, కూలరు చల్లబరిచేదీ నీళ్ళు ఆవిరి చేసే కదా.

మాది పైవాటా, స్లాబు రాత్రి పదకొండు దాకా చేతికి కాల్తానే ఉంటాది, ఫ్యాన్ వేస్తే ఆ వేడే కిందకి తోస్తాది. పోయినేడు సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయించేం, మొదటి రాత్రే తేడా తెలిసింది, చిన్నాడికి చెమటకాయలు తగ్గేయి. వానాకాలంలో సగం కొట్టుకుపోయింది, మళ్ళీ వేయించాలి. రేకుల మీద కూడా తెల్ల రంగు వేస్తారు కదా, ఆ గొడౌన్ ఓనరుకి చెప్పి చూడండి. తెలంగాణలో 2023లో ఇలాంటి పైకప్పుల కోసం పాలసీయే తెచ్చేరు.

కళాసీ_కొడుకు:
మాదీ అదే బతుకు అన్నా. మీ నాన్నకి దెబ్బ తగిలింది ఆ మూడు వారాల సెలవు దగ్గరే అని నా అనుమానం. నేను బయట దేశంలో కంపెనీలో చేసినప్పుడు వేసవిలో కొత్తగా చేరినోళ్ళకి మొదటి రోజు ఐదో వంతు పనే ఇచ్చేవోళ్ళు, రోజుకి కొంచెం కొంచెం పెంచేవోళ్ళు. ఒళ్ళు వేడికి అలవాటు పడ్డానికి వారం నుంచి రెండు వారాలు పడతాదంట, కొన్నాళ్ళు మానేస్తే ఆ అలవాటు పోతాదంట. పాత కాపు అయినా సరే, గ్యాప్ వస్తే సగం పనితో మొదలెట్టాలి అనేవోళ్ళు. ఇక్కడ ఎవడు చెప్తాడు, మనోడు సిగ్గుపడి అందరికంటే రెండు బస్తాలు ఎక్కువ ఎత్తుతాడు. ముఠా మేస్త్రీతో మాట్లాడు, ఓనరుతో కాదు. మేస్త్రీ చెప్తే లారీ టైము మారుతాది.

పీహెచ్‌సీ_అక్క:
ఈ మాట వందకి వంద నిజం, నేను రాయడం మర్చిపోయేను. గుంటడూ, ఒకసారి వడదెబ్బ తగిలినవాళ్ళకి కొన్నాళ్ళు మళ్ళీ తొందరగా తగుల్తాది. రక్తపరీక్షలు చేయించి కిడ్నీ బాగుందన్నాకే పంపు. మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ అడిగితే పొడి ప్యాకెట్టు తీసుకో, మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడు, ఎన్ని నీళ్ళలో కలపమని రాస్తే అన్నిట్లోనే కలుపు. తియ్యటి డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాసుకోవద్దని 2025 అక్టోబర్లో ఫుడ్ సేఫ్టీ వాళ్ళు ఆర్డరేసేరు కానీ ఇంకా చాలామంది వాటినే అడుగుతన్నారు.

గాజువాక_గుంటడు:
అందరికీ థాంక్స్, పది రోజులైంది, అప్‌డేట్ పెడ్తన్నా. పరీక్షలు బాగానే వచ్చేయి. బీపీ మాత్రలో నిజంగానే నీరు లాగే మందు ఉందంట, డాక్టరు మార్చేరు. మేస్త్రీ ముందు నవ్వేడు గానీ ఆ రోజు నాన్నని మోసినోళ్ళలో ఆయనా ఒకడు, కాబట్టి విన్నాడు. ఇప్పుడు మొదటి లారీ తెల్లారి ఐదింటికి పెడ్తన్నారు, పదకొండుకి ఆపేసి మళ్ళీ నాలుగింటికి. ఓనరు రంగు వేయించడానికి ఒప్పుకోలేదు, వెనకాల మూసేసిన రెండో షట్టర్ మాత్రం తీయించేడు, గాలి అటు నుంచి ఇటు కొడతంది.

మాష్టారు చెప్పినట్టు థర్మామీటర్‌కి అమ్మ పాత చీర ముక్క చుట్టి, తడిపి, గొడౌన్‌లో మధ్యాహ్నం రెండింటికి పెట్టి చూసేను. షట్టర్ వేసి ఉంటే 31, తీసేక 29న్నర. నాన్న పక్కనే నిలబడి చూసి, "ఎవరికిరా జ్వరం?" అన్నారు.

బెజవాడ_బుల్లోడు:
నేను నోరు మూసుకున్నా గురూ 🙏 ఆ థర్మామీటర్ ఎక్కడ కొన్నావ్, మా కృష్ణ పక్కన కూడా ఒకసారి చూడాలి.

గాజువాక_గుంటడు:
స్కూళ్ళకి ల్యాబ్ సామాను అమ్మే షాపులో అన్నా. ఇంట్లో ఉన్న జ్వరం థర్మామీటర్ పనికిరాదు, అది 35 కిందకి దిగదు. నేను ముందు దాంతోనే ట్రై చేసి అరగంట వేస్ట్ చేసుకున్నా.