డౌలాగా (కాన్పు నొప్పుల్లో పక్కన తోడుండే మనిషిగా) పని చేయాలని ఉంది, మిర్యాలగూడలో కుదురుతుందా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి):
అందరికీ నమస్తే. బీకాం చదివాను, బాబు పుట్టేదాకా రైస్ మిల్లులో అకౌంట్లు చూశాను. వయసు 34. మా చెల్లె కాన్పుకు ప్రభుత్వ ఆస్పత్రిలో తోడున్నది నేనే. రాత్రంతా నడుము రుద్దుతూ, గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగిస్తూ, వరండాలో నడిపించాను. తెల్లారేసరికి నార్మల్ అయింది. పక్క మంచం అమ్మాయి అత్తగారు కూడా "మా కోడలి దగ్గరికి కాసేపు రా బిడ్డా" అని పిలిచింది. అప్పటినుంచి ఇదే పని చేయాలని మనసులో పడింది. నర్సింగ్ చదవలేదు. కోర్సు ఎక్కడ చేయాలి, ఆస్పత్రిలో రానిస్తారా? మా ఆయన "పక్కన కూర్చున్నందుకు ఈ ఊర్లో డబ్బులెవరిస్తరు" అంటున్నాడు. అత్తమ్మకైతే మంత్రసాని పనికి పోతానని కోపం.

జవాబు 1 (స్టాఫ్ నర్సు, పాలమూరు వైపు):
చెల్లె, నేను ప్రభుత్వ లేబర్ రూములో పని చేస్తాను. ఒక్కో రాత్రి నొప్పుల మీద ఉన్నవాళ్లు ఎక్కువ, మేము తక్కువ. ఒకరి చెయ్యి పట్టుకుని కూర్చునే తీరిక మాకు దొరకదు. కాబట్టి నీలాంటి మనిషి అవసరమే, కానీ హద్దు తెలిసి రావాలి. డౌలా లోపల చెయ్యి పెట్టి చూడదు, బిడ్డ గుండె చప్పుడు లెక్కపెట్టదు, సూది వేయమనో వద్దనో డాక్టరుతో వాదించదు. ఇంట్లో కాన్పు చేయించడం అసలే నీ పని కాదు.

ఇక రానిస్తారా అంటే, కాన్పు సమయంలో తోడు ఉండనివ్వాలని 2016లోనే కేంద్రం చెప్పింది. అయితే ఆ తోడు బంధువైన ఆడమనిషి, కాన్పు అనుభవం ఉన్నది అయి ఉండాలి. నీ చెల్లెకు నువ్వు సరిపోయావు. బయటివాళ్ల అమ్మాయికి నువ్వు లోపలికి వస్తే వాళ్లమ్మ బయట కూర్చోవాలి. ఏ తల్లి ఒప్పుకుంటుంది?

అందుకే నా మాట విను. లేబర్ రూములోకి ఎలా రావాలా అని ఆలోచించకు. లోపలికి వచ్చే ఆ తల్లిని తయారు చెయ్యి. తొలి కాన్పుకు అమ్మాయి ఎలాగూ తల్లిగారింటికి వస్తుంది. అప్పుడు ఆ ఇంటికి పో. నొప్పి వచ్చినప్పుడు నడుము కింద ఎక్కడ గట్టిగా నొక్కాలో, ఎలా నడిపించాలో, ఊపిరి ఎలా వదలమనాలో తల్లికి చేసి చూపించు. మా దగ్గర ఎక్కువగా ఏమవుతుందంటే, చిన్న నొప్పులకే పరుగెత్తి వస్తారు, చూస్తే గర్భసంచి ముఖం తెరుచుకున్నది రెండు సెంటీమీటర్లే. అసలు జోరు ఐదు సెంటీమీటర్ల నుంచి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఆ సంగతి ఇంటివాళ్లకు తెలియదు. సాయంత్రానికి వాళ్లకే టెన్షన్ పట్టుకుని "ఆపరేషన్ చేసేయండి మేడమ్" అంటారు. ఇంకొందరు ముందే ముహూర్తం రాయించుకుని వస్తారు, వాళ్లకు నువ్వైనా నేనైనా ఏం చెప్తాం.

అట్లని ఇంట్లోనే ఆగమని అందరికీ చెప్పకు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, తలనొప్పితో కళ్లు మసకలైనా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే 108 చేయాలి. ఇది ఆ ఇంట్లో మగవాళ్లకు కూడా చెప్పు, బండి మాట్లాడేది వాళ్లే.

జవాబు 2 (నల్లగొండ ఆడబిడ్డ, హైదరాబాదులో డౌలా):
అక్క చెప్పింది నిజం. కోర్సు సంగతి నేను చెప్తా. డౌలాలకు ప్రభుత్వ లైసెన్సు లేదు, సర్టిఫికెట్లు ఇచ్చేవి ప్రైవేటు సంస్థలే. 1992లో అమెరికాలో మొదలైన డోనా ఇంటర్నేషనల్ వాటిలో పాతది. వర్క్‌షాప్ తొందరగానే అయిపోతుంది, తర్వాత కాన్పుల్లో తోడుండి అనుభవం చూపించాలి. అంత ఖర్చు పెట్టే ముందు ఏడాది పాటు అక్క చెప్పినట్టు చేసి చూడు. మంత్రసాని అని ఎవరన్నా నొచ్చుకోకు, ఒకప్పుడు ఊరంతా ఆమె చేతుల్లోనే కదా పుట్టింది.

డబ్బుల విషయంలో మీ ఆయన మాట సగం నిజం. హైదరాబాదు ఫీజు మిర్యాలగూడలో అడిగితే ఎవరూ ఇవ్వరు. కాన్పుకు ముందు కొన్ని సార్లు, తర్వాత పాలు పట్టించడానికి కొన్ని సార్లు అని మాట్లాడుకుని చిన్న మొత్తం తీసుకో. మొదటి గంటలో ముర్రుపాలు పట్టించే దగ్గర చాలా ఇళ్లలో పెద్దవాళ్లే అడ్డుపడతారు, అక్కడ నీకు పని ఉంటుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, "నార్మల్ గ్యారంటీ" అని ఎవరికీ అనకు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికి మన రాష్ట్రంలో 100 కాన్పుల్లో 60కి పైగా ఆపరేషన్లే, ప్రైవేటులో 81కి పైగా. దీన్ని ఒక్క డౌలా తిప్పేయలేదు. పక్కన విడవకుండా తోడుంటే ఆపరేషన్లు కొంత తగ్గుతాయని 26 అధ్యయనాలు కలిపి చూసిన కాక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే సంస్థ) సమీక్ష 2017లో చెప్పింది, "కొంత" అనే. ఆపరేషన్ అయిన అమ్మాయికి ఆ రాత్రి నీ అవసరం ఇంకా ఎక్కువ.

అడిగినామె:
ఇద్దరికీ థాంక్స్. నన్ను ఇళ్లలోకి రానిచ్చేదెవరు? ఎక్కడ మొదలుపెట్టాలి?

స్టాఫ్ నర్సు:
మీ వాడకట్టు ఆశ వర్కర్‌ను పట్టుకో. ప్రతి నెల 9వ తారీఖున పీహెచ్‌సీలో గర్భిణులకు డాక్టర్ చెకప్ ఉంటుంది, ఆమె వెంబడి పో. మెడికల్ ఆఫీసర్‌కు ముందే చెప్పి పర్మిషన్ తీసుకో. మొదటిసారి ఏమీ చెప్పకు, లైన్లో వాళ్ల పక్కన కూర్చుని విను.