‘మూడో ఎస్టేట్’ని తెలుగులో ఏమనాలి?

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. మొన్న ఫ్రెంచి విప్లవం పాఠం చదువుతూ అడిగింది: “పిన్నీ, మూడో ఎస్టేట్ వాళ్ళకి తిండి కూడా లేదని రాశారు. ఎస్టేట్ ఉన్నవాళ్ళకి తిండి లేకపోవడమేంటి?”

పిల్ల తప్పేం లేదు. మన చెవికి ఎస్టేట్ అంటే భూమే. చల్లపల్లి ఎస్టేట్, బొబ్బిలి ఎస్టేట్ అని పెద్దవాళ్ళు చెప్పగా విన్నాం. 1908లో వచ్చిన మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ యాక్ట్, 1948లో వచ్చిన ఎస్టేట్ల రద్దు చట్టం కూడా ఆ అర్థంలోనే. ఇప్పుడైతే రియల్ ఎస్టేట్. పాఠం రాసినవాళ్ళు మాటని అలాగే వదిలేసరికి అసలు సంగతి మరుగున పడిపోయింది.

ఫ్రెంచిలో ఆ మాట ‘ఎతా’. లాటిన్ ‘స్తాతుస్’ నుంచి వచ్చింది. మనం రోజూ అనే ‘స్టేటస్’ అదే. మన ‘స్థితి’, ‘స్థానం’లో ఉన్న ‘స్థా’ ధాతువుకి దగ్గరి చుట్టం. అంటే చట్టం దృష్టిలో మనిషి నిలబడే చోటు. ఆస్తితో దానికి పని లేదు. మతగురువులది మొదటి చోటు, ప్రభువులది, అంటే రాజు కింది దొరలది, రెండోది, మిగతా అందరిదీ మూడోది. మొదటి రెండూ కలిపినా నూటికి ఇద్దరు కూడా ఉండరు. చెప్పులు కుట్టేవాడూ, సెంటు భూమి లేని కూలీ, ఓడల వ్యాపారంలో లక్షలు గడించిన బోర్డో రేవు పట్నం షావుకారూ అందరూ మూడో దాంట్లోనే.

ఆ తేడా వంటింటి దాకా వచ్చేది. ‘గబేల్’ అని ఉప్పు పన్ను ఉండేది. ఉత్తర ఫ్రాన్సులో చాలా భాగంలో ఎనిమిదేళ్ళు దాటిన ప్రతి మనిషి లెక్కనా ఏటా ఇంత ఉప్పు అని రాజుగారి గోదాములో కొని తీరాలి. అక్కర్లేకపోయినా కొనాలి. ఆ ఉప్పు కూరలో వేసుకోవచ్చు గానీ మాంసం నిలవ పెట్టుకోవడానికి వాడకూడదు. దానికి మళ్ళీ వేరే కొనాలి. చాలామంది పెద్దలకీ, అధికారులకీ మాత్రం పన్ను లేని ఉప్పు ఇంటికి వచ్చేది. ‘తాయ్’ అనే పన్నుదీ ఇదే తీరు, ప్రభువులకీ మతగురువులకీ మినహాయింపు. ‘కోర్వే’ అని ఇంకోటి, రోడ్లు వేయడానికి రైతు ఏడాదికి కొన్ని రోజులు కూలి లేకుండా పనిచేయాలి. ఈ కోర్వేకి మాత్రం తెలుగులో వెతుక్కోనక్కర్లేదు. వెట్టి. 1776లో త్యుర్గో అనే మంత్రి దాన్ని ఎత్తేయిస్తే, ఆయన పదవి ఊడగానే ఆ ఏడే మళ్ళీ తెచ్చిపెట్టారు.

1789 మేలో, 175 ఏళ్ళ తర్వాత, ఈ మూడు చోట్ల ప్రతినిధుల్నీ రాజు పదహారో లూయీ, తన భవనం ఉన్న వెర్సాయికి పిలిచాడు. ఎవరు ఏ బట్టలు కట్టుకోవాలో కూడా ముందే చెప్పారు. ప్రభువులకి బంగారు జరీ, టోపీల మీద తెల్లటి ఈకలు. మూడోవాళ్ళకి ఏ అలంకారం లేని నల్లబట్ట. బోర్డో షావుకారు ఎంత డబ్బున్నా నల్లబట్టే. వాళ్ళని మండించింది పేదరికం ఒక్కటే కాదు, ఈ నల్లబట్ట కూడా అని నేననుకుంటాను.

అందుకే మాట సరిగ్గా ఉండాలి. ‘వర్గం’ అంటే డబ్బుని బట్టి చేసిన విభజన గుర్తొస్తుంది. కూలీ, షావుకారు ఒకే వర్గం ఎలా అవుతారు? ‘కులం’ అందామంటే మతగురువు పుట్టుకతో అవ్వడు, ప్రభువు హోదా తెచ్చే ఉద్యోగాలు డబ్బుకి దొరికేవి. నాకు తోచిన మాట ‘అంతస్తు’. “వాళ్ళ అంతస్తుకి మనం తూగం” అంటాం కదా, ఆ అంతస్తు. మీరేమంటారు?

వ్యాఖ్య: బాగుందమ్మా. కానీ ‘మూడో అంతస్తు’ అంటే మేడ మీద మూడో ఫ్లోర్ అనుకోరూ? పైగా మేడలో మూడోది పైన, ఇక్కడ మూడోది కింద.

జవాబు: నిజమే మాస్టారూ, ఆ ఇబ్బంది ఉంది. వాక్యంలో ‘హోదా’ అనే మాట పక్కన చేరిస్తే తీరుతుందనుకుంటా. ‘సమాజంలో మూడో అంతస్తు’ అన్నా సరిపోతుంది. అయితే ఒకటి. ఆ ‘మూడో’ అనే మాటనే వెర్సాయికి వచ్చిన మూడోవాళ్ళు చివరికి విసిరికొట్టారు. మూడు సభలు, సభకో ఓటు. అంటే వీళ్ళు రెండింతల మంది వచ్చినా ఎప్పుడూ రెండుకి ఒకటి ఓడాల్సిందే. తలకో ఓటు కావాలని ఆరు వారాలు పట్టుబట్టి, జూన్‌లో ఇక తమకు తామే కొత్త పేరు పెట్టుకోవాలని కూర్చున్నారు. ఆ చర్చ ఇలా మాటల మీద వాదించుకునే మన గుంపులో జరగాల్సింది! వాళ్ళలో ఒకడైన మిరబో ‘ఫ్రెంచి ప్రజల ప్రతినిధులు’ అందామన్నాడు. వెంటనే అడ్డు తగిలారు: ఆ ‘పేప్ల్’ అన్న మాటకి దేశజనం మొత్తం అని అర్థమా, కింది జనం అని అర్థమా? రెండోది అయితే మళ్ళీ మొదటికే వస్తాం కదా అని. చివరికి జూన్ 17న 491 మంది ఒప్పుకోగా ‘జాతీయ సభ’ అని పెట్టుకున్నారు. పారిస్‌లో జైలుగా వాడిన బాస్టీ కోట జనం చేతిలో పడింది జూలై 14న. అంతకు నాలుగు వారాల ముందే ఈ పేరు పుట్టింది.

వ్యాఖ్య: మా ఊళ్ళో ముసలోళ్ళు ఇప్పటికీ “బాంచెన్ దొరా” అన్న మాట తలచుకుంటే మొహం తిప్పుకుంటరు అక్కా. అక్కడ కూడా అట్లాంటి పిలుపులుండెనా?

జవాబు: ఉండేది తమ్ముడూ. ‘మస్యూ’ అంటే ఇప్పుడు ఊరికే మర్యాదకి ‘అండీ’ లాంటి మాట. విడదీస్తే ‘నా దొర’. విప్లవం వచ్చాక దాని బదులు ‘సితొయాఁ’ అని పిలుచుకున్నారు, అంటే పౌరుడు. ఇక్కడ నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. ‘సితొయాఁ’లో ఉన్నది ‘సితే’, నగరం. మన ‘పౌరుడు’లో ఉన్నది ‘పురం’. మన పాత కావ్యాల్లో ‘పౌరజానపదులు’ అంటారు, పౌరులంటే పట్నంవాళ్ళు, జానపదులంటే పల్లెవాళ్ళు. రెండు భాషల్లోనూ పట్నపు మాటే పల్లెలో దున్నుకునే రైతుకి కూడా చెందింది. నువ్వు–మీరు గొడవ కూడా వచ్చింది. 1793లో పారిస్ ప్రజాసంఘాల వాళ్ళు అప్పటి చట్టసభ అయిన కన్వెన్షన్‌కి విన్నపం పెట్టారు, ఇక మీదట అందరూ అందర్నీ ‘నువ్వు’ అనే పిలవాలని. చట్టం చేయలేదు గానీ కొన్నాళ్ళు వీధుల్లో బాగా నడిచింది.

వ్యాఖ్య: పత్రికల్ని ‘ఫోర్త్ ఎస్టేట్’ అంటాం, తెలుగులో ‘నాలుగో స్తంభం’. స్తంభం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?

జవాబు: అది ఇంకో లెక్కలోంచి వచ్చింది. శాసనసభ, ప్రభుత్వం, న్యాయస్థానం మూడు స్తంభాలు, పత్రిక నాలుగోది అని లెక్క కట్టుకున్నాం. పాత మూడు అంతస్తుల లెక్క వేరు. మాట బాగా అతుక్కుపోయింది, దాన్ని మార్చమని నేననను.

వ్యాఖ్య: మరి రాజుని ఏమని పిలిచారు? అతనూ పౌరుడేనా?

జవాబు: 1792 ఆగస్టు 10న జనం పారిస్‌లోని త్విలరీ రాజభవనం మీద పడ్డారు. సెప్టెంబరు 21న రాజరికమే రద్దయింది. ఇక రాజు కాదు కదా, మరి పేరేంటి? రాజుకి ఇంటిపేరుతో ఎప్పుడూ పనిపడలేదు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి వంశకర్త పేరు తెచ్చి ‘లూయీ కాపే’ అన్నారు. విచారణకి తీసుకెళ్ళడానికి వచ్చిన రోజున ఆ పేరు వినగానే ఆయన ఒప్పుకోలేదు, కాపే నా పేరు కాదు, మా పూర్వీకుల్లో ఒకరిది అన్నాడు. కాగితాల్లో మాత్రం ఆ పేరే రాసుకున్నారు.